కంప్యూటర్ సైన్స్‌లో అమ్మాయిలు: ఎంపిక పద్ధతి మారగానే లెక్క ఎందుకు మారుతోంది?

తిరుపతి చుట్టుపక్కల కంప్యూటర్ సైన్స్ బోధించే సంస్థలను ఒక్కొక్కటిగా చూస్తూ పోతే, తరగతి గదుల్లో అమ్మాయిల సంఖ్య ఒక చోటికీ మరో చోటికీ ఎంత తేడాగా ఉంటుందో తెలుస్తుంది. 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సహజంగానే అందరూ అమ్మాయిలే. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ర్యాంకుతో సీట్లు నిండే ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్) సెక్షన్లలో అమ్మాయిలు పెద్ద సంఖ్యలోనే కనిపిస్తారు. అదే కళాశాల మెకానికల్ సెక్షన్‌లో వారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2015లో మొదలై, ఏర్పేడు దగ్గర సొంత ప్రాంగణంలో నడుస్తున్న ఐఐటీలో మాత్రం, మిగిలిన ఐఐటీలలో మాదిరిగానే, అమ్మాయిల వాటా సుమారు ఐదో వంతు. ఆ ఐదో వంతు కూడా తనంతట తాను వచ్చినది కాదు. 2018 నుంచి అమలవుతున్న ఒక ప్రత్యేక ఏర్పాటు వల్ల వచ్చినది.

ఐఐటీకి విద్యార్థులు దేశమంతటి నుంచీ వస్తారు కనుక ఈ పోలికను అక్షరాలా తీసుకోలేము. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. అమ్మాయిలకు ఈ చదువు మీద ఆసక్తి లేకపోవడమే అసలు కారణమైతే అన్నిచోట్లా వారి సంఖ్య తక్కువగానే ఉండాలి. సామర్థ్యం చాలకపోవడమే కారణమైతే, పదో తరగతి ఫలితాల్లో ఏటా అమ్మాయిల ఉత్తీర్ణతే ఎక్కువగా ఉండడాన్ని ఎలా వివరిస్తాం? సంస్థను బట్టి సంఖ్య మారుతోందంటే, ఆ సంస్థలోకి వెళ్లే దారి ఎలా ఉందో, ఆ దారిలో ఏ దశలో ఎవరు ఆగిపోతున్నారో చూడవలసి ఉంటుంది. అమ్మాయిలను కంప్యూటర్ సైన్స్ వైపు ప్రోత్సహించాలని సభల్లో తరచూ అంటుంటారు గానీ, ఆ ఒక్క మాటలో మూడు వేరువేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. సీటు దాకా తీసుకురావడం ఒకటి. చేరిన తర్వాత ఆ విద్య నిజంగా చేతికి వచ్చేలా చూడడం మరొకటి. పట్టా వచ్చాక ఆ విద్యతో ఉద్యోగంలో నిలదొక్కుకునే పరిస్థితి ఉండడం ఇంకొకటి. మన ప్రాంతంలో మొదటి పని కొన్నిచోట్ల బాగానే జరుగుతోంది, కొన్నిచోట్ల అసలు జరగడం లేదు. రెండో పని గురించి మాట్లాడేవారే తక్కువ.

అమెరికా అనుభవం మనకు ఎంతవరకు వర్తిస్తుంది

ఈ విషయం మీద జరిగిన చర్చ చాలావరకు అమెరికా నుంచి వచ్చింది కనుక, అక్కడ ఏం జరిగిందో ముందు తెలుసుకోవాలి. 1946లో ప్రజల ముందుకు వచ్చిన తొలినాటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఎనియాక్‌కు ప్రోగ్రాములు సిద్ధం చేసినవారు ఆరుగురు మహిళలు. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే కంపైలర్ అనదగిన తొలి సాధనాన్ని 1952లో తయారుచేసిన గ్రేస్ హాపర్ కూడా మహిళే. 1984 నాటికి అక్కడ కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పొందినవారిలో 37 శాతం మహిళలు ఉండేవారు. ఆ తర్వాత వైద్యంలో, న్యాయశాస్త్రంలో వారి వాటా పెరుగుతూ పోగా, కంప్యూటర్ సైన్స్‌లో మాత్రం పడిపోయి, 2010 ప్రాంతానికి 18 శాతం దగ్గరకు చేరింది. ఒక దేశంలో, ఒకే తరం వ్యవధిలో, ఒక చదువులో మహిళల వాటా సగానికి పడిపోవడానికి పుట్టుకతో వచ్చే లక్షణాలేవీ కారణం కాజాలవు.

పరిశోధకులు చెప్పిన కారణాల్లో రెండు ముఖ్యమైనవి. 1980లలో ఇళ్లకు వచ్చిన చిన్న కంప్యూటర్లను మగపిల్లల ఆటవస్తువుగా ప్రచారం చేసి అమ్మారు. దానితో కళాశాలలో చేరే నాటికే అబ్బాయిలకు కొన్నేళ్ల అలవాటు ఉండేది. అదే కాలంలో ఈ చదువుకు గిరాకీ పెరిగి, సీట్లు చాలక, విశ్వవిద్యాలయాలు ప్రవేశాలను బిగించాయి. తొలి కోర్సులను వడపోతకు వాడుకున్నాయి. వడపోత మొదలైనప్పుడు ముందే అలవాటున్నవాడు నిలుస్తాడు, కొత్తగా నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి ఈ చదువు తనకు రాదేమోనని అనుకుని తప్పుకుంటుంది.

ఈ పరిస్థితిని మార్చి చూపిన వాటిలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఒకటి. అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగానికి 1991 నుంచి 1999 వరకు డీన్‌గా ఉన్న రాజ్ రెడ్డి పూర్వపు చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో పుట్టినవారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. అక్కడ జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే ఇద్దరు నాలుగేళ్లపాటు విద్యార్థులతో మాట్లాడుతూ, ఎవరు ఎందుకు చేరుతున్నారో, ఎవరు ఎందుకు మానేస్తున్నారో పరిశీలించారు. ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికీ, చివరికి సాధించే ఫలితానికీ అందరూ అనుకునేంత సంబంధం లేదని తేలింది. ప్రవేశాల్లో ఆ అనుభవానికి ఇచ్చే ప్రాధాన్యాన్ని తగ్గించారు; కొత్తవారికీ అనుభవం ఉన్నవారికీ తొలి కోర్సును వేరువేరుగా పెట్టారు; హైస్కూల్ ఉపాధ్యాయులకు వేసవి శిక్షణ ఇచ్చారు. 1995లో చేరినవారిలో 7 శాతం ఉన్న అమ్మాయిలు 2000 నాటికి 42 శాతం అయ్యారు. 2006 తర్వాత కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కళాశాల కూడా ఇదే దారిలో నడిచింది. తొలి కోర్సులో జావా అనే ప్రోగ్రామింగ్ భాషకు బదులు పైథాన్ పెట్టి, అనుభవాన్ని బట్టి విద్యార్థులను రెండు తరగతులుగా విడదీసి, మొదటి ఏడాది చివరికే అమ్మాయిలకు పరిశోధన పనులు అప్పగించింది. కొన్నేళ్లకు అక్కడి కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్లో అమ్మాయిలు సగానికి చేరుకున్నారు.

మన పరిస్థితి ఒక ముఖ్యమైన విషయంలో దీనికి భిన్నంగా ఉంటుంది. కంప్యూటర్ అంటే గది తలుపు వేసుకుని రాత్రంతా కూర్చునే మగపిల్లవాడి వ్యాపకమనే భావన మన ఇళ్లలో లేదు. ఇక్కడ ఆ బ్రాంచికి ఉన్న పేరే వేరు.

సీఎస్ఈ అమ్మాయిలకు మంచిదన్న మాట

ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఏ ఇంటర్నెట్ సెంటర్‌లో నిలబడినా వినిపించే మాట ఇది. మెకానికల్ అయితే వర్క్‌షాప్‌లో ఇనుముతో పని, సివిల్ అయితే ఎండలో సైటు దగ్గర పని, సీఎస్ఈ అయితే ఏసీ గదిలో కుర్చీలో కూర్చుని చేసే పని. జీతం బాగుంటుంది, ఆడపిల్లకు భద్రత ఉంటుంది అని పెద్దలు లెక్క వేస్తారు. భారతదేశంలో కంప్యూటర్ సైన్స్ చదివే అమ్మాయిలతో మాట్లాడి రోలీ వర్మ, దీపక్ కపూర్ 2015లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనిపిస్తుంది: ఇక్కడి అమ్మాయిలు ఈ రంగాన్ని మగవారి రంగంగా చూడడం లేదు, మేధతో చేసే పనిగా, ఇంటిలోపల చేయగలిగే పనిగా, స్త్రీలకు అనువైనదిగా చూస్తున్నారు. మలేసియాలో కూడా ఇదే భావన ఉందని, అక్కడి కంప్యూటర్ సైన్స్ తరగతుల్లో అమ్మాయిలు సగం దాకా ఉంటారని పరిశోధకులు రాశారు.

ఈ భావన వల్ల జరిగిన మేలును తక్కువ చేయకూడదు. కూతురిని ఇంటర్‌తో ఆపేద్దామనుకున్న తండ్రి బీటెక్‌కు ఒప్పుకున్నాడంటే చాలాసార్లు ఈ బ్రాంచి పేరు చూసే ఒప్పుకున్నాడు. పీలేరు నుంచో, పలమనేరు నుంచో, సత్యవేడు నుంచో ఇంట్లో మొదటి పట్టభద్రురాలిగా వచ్చిన అమ్మాయికి ఆ అంగీకారం చిన్న విషయం కాదు.

అయితే ఇదే భావనకు రెండు పరిమితులు ఉన్నాయి. కూర్చుని చేసే సురక్షితమైన పని కనుక పంపించిన కుటుంబం, అదే సురక్షితం అనే లెక్కతో తర్వాత చాలా వాటికి అడ్డు చెబుతుంది. రాత్రి పూట జరిగే హ్యాకథాన్‌కు (జట్లుగా ప్రోగ్రాములు రాసే పోటీకి), వేరే రాష్ట్రంలో ఇంటర్న్‌షిప్‌కు, ఇంటికి దూరంగా ఉన్న మెరుగైన కళాశాలకు అనుమతి దొరకదు. రెండో పరిమితి ఇంకా లోతైనది. బ్రాంచిని ఇతరులు ఎంచి పెట్టినప్పుడు, ఆ శాస్త్రంలో ఏముందో ఆ అమ్మాయికి చేరేదాకా ఎవరూ చెప్పరు. అల్గారిథం అంటే ఏమిటో, లెక్కల్లో తనకు నచ్చిన తర్కం అక్కడ ఎలా పనికొస్తుందో తెలియకుండానే ఆమె సీటు తీసుకుంటుంది. ఇష్టం లేక చేరిందని దీని అర్థం కాదు. ఇష్టపడే అవకాశం ఆమెకు ముందుగా దొరకలేదు.

సీట్ల సంఖ్య ఎలాగూ పెరుగుతోంది. ఒక్కో బ్రాంచిలో ఎన్ని సీట్లు ఉండవచ్చన్న పరిమితిని సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2024-25 నుంచి తొలగించింది. కళాశాలలు గిరాకీ ఉన్న సీఎస్ఈని, దాని అనుబంధ బ్రాంచీలను విస్తరిస్తున్నాయి. కనుక రాబోయే ఏళ్లలో ఈ బ్రాంచిలో అమ్మాయిల సంఖ్య ఎవరూ ఏమీ చేయకపోయినా పెరుగుతుంది. ఆ పెరుగుదలను ప్రోత్సాహానికి దక్కిన ఫలితంగా చూపడం సరికాదని నా అభిప్రాయం.

పదో తరగతి మార్కులు, రాష్ట్ర ర్యాంకు, అఖిల భారత ర్యాంకు

అసలు చిక్కు ఇక్కడ ఉంది. మన పిల్లలు కంప్యూటర్ సైన్స్ చదువులోకి ప్రవేశించే దారులు ప్రధానంగా మూడు. ఒక్కో దారి ఒక్కో వయసులో, ఒక్కో కొలతతో ఎంపిక చేస్తుంది. కొలత మారిన ప్రతిసారీ అమ్మాయిల వాటా మారుతుంది.

మొదటిది ట్రిపుల్ ఐటీలుగా జనం పిలుచుకునే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం దారి. 2008లో ఏర్పడిన ఈ సంస్థకు తొలి చాన్సలర్ కూడా రాజ్ రెడ్డే. పదో తరగతి పూర్తికాగానే, ప్రధానంగా ఆ మార్కుల ఆధారంగా, ప్రభుత్వ బడుల్లో చదివినవారికి కొంత అదనపు పాయింటు కలిపి, ఆరేళ్ల సమీకృత కోర్సులోకి తీసుకుంటారు. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల నుంచి ఎంతోమంది పిల్లలు కడప జిల్లాలోని ఇడుపులపాయ ప్రాంగణానికి వెళ్తారు. ఇక్కడ ఎంపికైనవారిలో అమ్మాయిల సంఖ్య అబ్బాయిల కంటే ఎక్కువగా ఉంటూ వస్తోంది. కోచింగ్ అవసరం లేదు, రెండేళ్ల కార్పొరేట్ ఇంటర్ ఫీజు లేదు, హాస్టల్ అక్కడే ఉంది. బడిలో శ్రద్ధగా చదివిన పిల్లకు నేరుగా సీటు వస్తుంది. పదో తరగతి తర్వాతి రెండేళ్లు మన రాష్ట్రంలో ఆడపిల్లకు ఎంత ప్రమాదకరమైనవో గుర్తుంటే ఈ ఏర్పాటు విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల వయసు స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లి జరిగింది. పదిహేనేళ్ల వయసులో ఆరేళ్ల కోర్సులో చేరిన అమ్మాయిని పెళ్లి మాట నుంచి కాపాడే శక్తి ఆ సీటుకే ఉంటుంది.

రెండో దారి ఇంటర్ ఎంపీసీ తర్వాత రాసే రాష్ట్ర ప్రవేశ పరీక్ష. ఎంసెట్‌గా దశాబ్దాలపాటు నడిచి, 2021 నుంచి ఈఏపీసెట్ అయిన ఈ పరీక్ష కౌన్సెలింగ్‌లో ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు అమ్మాయిలకు ఉంటాయి. పరీక్ష స్థాయి ఇంటర్ పాఠ్యాంశాలకు దగ్గరగా ఉంటుంది, కళాశాల ఊరికి దగ్గరలో దొరుకుతుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. ఈ దారిలో అసలు మలుపు పరీక్షలో కాక అంతకు ముందు, గ్రూపు ఎంచుకునేటప్పుడే వస్తుంది. బాగా చదివే అమ్మాయిని బైపీసీ వైపు నడిపించడం మన దగ్గర పాత అలవాటు. దేశవ్యాప్తంగా నీట్ రాసేవారిలో అమ్మాయిలు సగానికి మించి ఉండగా, జేఈఈ మెయిన్‌కు దరఖాస్తు చేసేవారిలో మూడో వంతు దరిదాపుల్లోనే ఉన్నారు. డాక్టర్ కావాలనుకునే అమ్మాయి ఆ కోరిక వదులుకోవాలని ఎవరూ అనరు. కానీ లెక్కలంటే ఇష్టపడే అమ్మాయికి పదో తరగతి చివరిలో ఎంపీసీ గురించి చెప్పేవారు ఉండాలి. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు చదివే అమ్మాయిల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం నడుపుతున్న విజ్ఞాన్ జ్యోతి పథకం ఉద్దేశం ఇదే.

మూడోది ఐఐటీల ప్రవేశ పరీక్ష అయిన జేఈఈ అడ్వాన్స్‌డ్. 2024లో ఇందులో అర్హత పొందిన 48,248 మందిలో అమ్మాయిలు 7,964 మంది, అంటే ఆరుగురిలో ఒకరు. మొదటి దారిలో సగం దాటిన వాటా ఇక్కడ ఆరో వంతుకు ఎలా పడిపోయింది? ఈ పరీక్ష కొలిచేది లెక్కల సామర్థ్యాన్ని మాత్రమే అయితే ఇంత తేడా రాదు. ఇది సామర్థ్యంతోపాటు తయారీని కూడా కొలుస్తుంది. ఆ తయారీకి లక్షల్లో ఖర్చు, ఇంటికి దూరంగా రెండేళ్ల నివాసం, అవసరమైతే మరో ఏడాది కావాలి. మొదటిసారి ర్యాంకు రాని అబ్బాయిని లాంగ్ టర్మ్ కోచింగ్‌కు హైదరాబాదో విజయవాడో పంపే కుటుంబమే, కూతురి విషయంలో వచ్చిన ర్యాంకుకు దగ్గరలో ఏ కళాశాల వస్తే అందులో చేర్చేస్తుంది. అడ్వాన్స్‌డ్ రాయడానికి వరుసగా రెండేళ్లలో రెండు అవకాశాలే ఉంటాయి. ఆ రెండో అవకాశాన్ని అబ్బాయిలు వాడుకుంటూ అమ్మాయిలు వాడుకోలేకపోతే, ఒకే పరీక్షలో ఒకరికి రెండు ప్రయత్నాలు, మరొకరికి ఒకటే ప్రయత్నం ఉన్నట్లు అవుతుంది. దూరం భయం అంతటితో ఆగదు: అర్హత పొందిన అమ్మాయిలలో కూడా కొందరు దూరపు ఐఐటీని వదులుకుని ఇంటి దగ్గరి కళాశాలలో చేరుతుంటారు.

ఈ నేపథ్యంలోనే తిమోతి గొన్సాల్వెస్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సిఫారసుతో 2018లో ఐఐటీలు అమ్మాయిల కోసం అదనపు సీట్లు ఏర్పాటు చేశాయి. అప్పటికి ఐఐటీలలో పదిమందిలో ఒక అమ్మాయి కూడా ఉండేది కాదు. 2018లో కనీసం 14 శాతం, 2019లో 17, 2020లో 20 శాతం లక్ష్యంగా సీట్లు పెంచుకుంటూ పోయారు. ఈ పథకం మీద ఒక అపోహ బాగా ప్రచారంలో ఉంది. ఇవి అబ్బాయిల సీట్లలోంచి తీసి ఇచ్చినవి కావు. ఉన్న సీట్లకు పైన అదనంగా సృష్టించినవి. అడ్వాన్స్‌డ్‌లో అర్హత పొందనివారికి ఇవి రావు. ర్యాంకు కాస్త వెనుక ఉన్న అమ్మాయికి సీటు వస్తోంది కదా అనేవారు, ఆ ర్యాంకు వెనుక ఎన్నేళ్ల కోచింగ్ ఉందో, ఎన్ని ప్రయత్నాలు ఉన్నాయో కూడా లెక్కలోకి తీసుకోవాలి. పథకం సమర్థనీయమే, అయితే కనీసంగా పెట్టిన 20 శాతం దగ్గరే సంఖ్య నిలిచిపోతోందంటే, ఇంటర్‌కు ముందు దశలో చేయవలసిన పని జరగడం లేదని అర్థం.

ఇంటి లోపల సమాచారం తెలిసినవారు ఉండడం ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి మన చరిత్రలోనే ఉదాహరణ ఉంది. భారతదేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత తెలుగు కుటుంబంలో 1919లో పుట్టారు. పద్దెనిమిదేళ్ల వయసులో, చేతిలో పసిబిడ్డతో, భర్తను కోల్పోయారు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో అధ్యాపకుడైన తండ్రి పప్పు సుబ్బారావు చొరవ తీసుకుని ఆమెకు అక్కడ ప్రవేశం ఇప్పించారు. 1943లో ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పొందారు. రాజ్ రెడ్డి తర్వాతి కాలంలో చదివినదీ ఆ కళాశాలలోనే. తండ్రి ఆ కళాశాలలో పనిచేయకపోతే ఆ తలుపు తట్టవచ్చని ఆమెకు ఎవరు చెప్పేవారు? ఈ రోజు కూడా ఇంట్లో ఒక ఇంజనీరు ఉన్న అమ్మాయికి అడ్వాన్స్‌డ్ అంటే ఏమిటో, ఏ బ్రాంచిలో ఏముందో ఎనిమిదో తరగతిలోనే తెలుస్తుంది. లేని అమ్మాయికి ఆ పని బడి చేయాలి. ఆ బడిలో లెక్కల మాస్టారు లేదా టీచరమ్మ తప్ప చెప్పగలిగేవారు మరొకరు ఉండరు కనుక, కార్నెగీ మెలన్‌లో ఉపాధ్యాయుల శిక్షణ అన్ని మార్పుల్లోనూ ఎందుకు భాగమైందో అర్థమవుతుంది.

ఈ మూడు దారులకు బయట ఇంకొన్ని ఉన్నాయి. మహిళా పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. 1952లో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన శ్రీ పద్మావతి మహిళా డిగ్రీ కళాశాల వంటి చోట్ల కంప్యూటర్లు ప్రధానాంశంగా డిగ్రీ చదివి, 2020-21 నుంచి రెండేళ్లకు తగ్గిన ఎంసీఏకు వెళ్లవచ్చు. ఇవి ఖర్చు తక్కువ దారులు. వీటి గురించి కెరీర్ సభల్లో ఇంకా ఎక్కువ చెప్పాలి.

తొలి సెమిస్టర్‌లో ఏం జరుగుతుంది

సీటు వచ్చాక మొదలయ్యే కథకు పత్రికల్లో చోటు దొరకదు. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15 నుంచి 49 ఏళ్ల వయసు వారిలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో పురుషులలో 48.8 శాతం కాగా, స్త్రీలలో 21 శాతమే. తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 48.9 శాతం. ఆ తర్వాత ఫోన్లు చాలా పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోన్ ఉంటే అది ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉంటుందో, ఒకే ల్యాప్‌టాప్ కొనగలిగితే ఎవరికి కొంటారో అందరికీ తెలుసు. పైగా ఫోను వాడకం వేరు, కీబోర్డు ముందు కూర్చుని ప్రోగ్రాము రాసి, తప్పు వస్తే వెతికి, సరిచేసి, మళ్లీ నడపడం వేరు. అమెరికాలో 1980లలో ఇంటి కంప్యూటరు తెచ్చిన తేడా ఇక్కడ ఈ రూపంలో తరగతిలోకి వస్తుంది. బ్రాంచి మీద మగవారి ముద్ర లేకపోయినా, యంత్రం మీద అలవాటులో తేడా ఉంది.

ఈ ప్రాంతపు కళాశాలలు చాలావరకు అనంతపురం జేఎన్‌టీయూ పాఠ్యప్రణాళికను అనుసరిస్తాయి. మొదటి ఏడాదిలో సీ భాషతో ప్రోగ్రామింగ్ మొదలవుతుంది. భాష ఏదన్నది నా దృష్టిలో ప్రధానం కాదు. తరగతిలో ఇద్దరు ముగ్గురు ముందే నేర్చుకుని వచ్చి చకచకా జవాబులు చెబుతుంటే, అధ్యాపకుడు పాఠం అందరికీ అర్థమైందనుకుని ముందుకు వెళ్లిపోవడం ప్రధానం. సీ భాషలో కష్టమైన పాయింటర్ల పాఠం దగ్గరికి వచ్చేసరికి, ఇంటర్‌లో వందకు తొంభై ఎనిమిది తెచ్చుకున్న అమ్మాయి కూడా తనకు ఇది రాదనే నిర్ధారణకు వస్తుంది. ఆ నిర్ధారణ నిశ్శబ్దంగా జరుగుతుంది, ఎందుకంటే ఆమె పరీక్ష పాసవుతుంది. ప్రోగ్రాములను బట్టీ పట్టి, రికార్డు చక్కగా రాసి, ఇంటర్నల్ మార్కులు తెచ్చుకుని సెమిస్టర్ దాటేస్తుంది. మార్కుల జాబితాలో ఏ లోపమూ కనిపించదు.

ల్యాబ్‌లో ఒక సిస్టమ్ ముందు ఇద్దరిని కూర్చోబెట్టినచోట పని ఎలా పంచుకుంటారో గమనిస్తే విషయం తెలుస్తుంది. కీబోర్డు అబ్బాయి చేతిలో, రికార్డు పుస్తకం అమ్మాయి చేతిలో ఉంటాయి. ఎవరూ బలవంతం చేయరు. ఆమె చేతిరాత బాగుంటుంది, అతని వేళ్లు వేగంగా కదులుతాయి, పని తొందరగా అయిపోతుంది. నాలుగేళ్ల తర్వాత కోడింగ్ పరీక్ష పెట్టే కంపెనీ వచ్చినప్పుడు ఆ పంపకం ఖరీదు ఆమె ఒక్కతే చెల్లిస్తుంది. ప్రతి ల్యాబ్‌లో సగం సమయానికి కుర్చీలు మార్పించడం, ఎవరి ప్రోగ్రాము వారే నడిపి చూపాకే సంతకం పెట్టడం వంటి చిన్న నియమాలకు పైసా ఖర్చు లేదు. కొత్తవారికి వేరే సెక్షన్ పెట్టడం కూడా మన కళాశాలల్లో సాధ్యమే. సీఎస్ఈకి ఐదారు సెక్షన్లు ఉన్నచోట ర్యాంకును బట్టో అక్షరక్రమంలోనో విడదీసే బదులు, ఇంతకు ముందు ప్రోగ్రామింగ్ చేశారా అని ఒక్క ప్రశ్న అడిగి తొలి సెమిస్టర్ వరకు విడదీస్తే చాలు. అబ్బాయిలలో కూడా పల్లె నుంచి కొత్తగా వచ్చినవారు చాలామంది ఉంటారు. వారికీ ఇది అంతే మేలు చేస్తుంది.

మహిళా విశ్వవిద్యాలయం ఉండవలసిన అవసరం గురించి అప్పుడప్పుడు సందేహాలు వినిపిస్తాయి. అక్కడ కీబోర్డు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నే రాదు, ప్రాజెక్టు నాయకత్వం నుంచి ఫెస్ట్ నిర్వహణ దాకా అన్నీ అమ్మాయిలే చేస్తారు. ఇది గట్టి సమాధానమని నేను భావిస్తాను.

ఇక హాస్టల్. చాలాచోట్ల అమ్మాయిల హాస్టల్ గేటు చీకటి పడేసరికి మూసేస్తారు. అబ్బాయిలు భోజనం చేసి మళ్లీ ల్యాబ్‌కో లైబ్రరీకో వెళ్తారు, సీనియర్ల గదుల్లో కూర్చుని నేర్చుకుంటారు. కంప్యూటర్ సైన్స్‌లో తరగతి తర్వాతి గంటల్లో నేర్చుకునేదే ఎక్కువ కనుక ఈ తేడా మిగిలిన చదువుల కంటే ఇక్కడ ఎక్కువగా బాధిస్తుంది. భద్రతను కారణంగా చూపి అమ్మాయిల హాస్టళ్లలో అబ్బాయిలకు లేని వివక్షాపూరిత నియమాలు పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. గేటు తెరవడానికి యాజమాన్యాలు జంకితే, కనీసం హాస్టల్ లోపలే రాత్రి పదకొండు వరకు నడిచే ల్యాబ్, మంచి ఇంటర్నెట్ ఏర్పాటు చేయవచ్చు.

డబ్బు విషయానికి వస్తే, ఏఐసీటీఈ ప్రగతి ఉపకార వేతనం కింద డిగ్రీ, డిప్లొమా మొదటి ఏడాదిలో చేరిన అమ్మాయిలకు ఏడాదికి 50,000 రూపాయలు వస్తాయి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షలకు మించకూడదు, ఒక కుటుంబంలో ఇద్దరు అమ్మాయిల వరకు అర్హులు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ల్యాప్‌టాప్ రాదు కనుక ఈ సొమ్ముతో ముందుగా కొనవలసింది ల్యాప్‌టాపే. రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. పుత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో రోజూ వచ్చే డే స్కాలర్లకు ఇది నేరుగా ఉపయోగపడుతుంది.

పట్టా చేతికి వచ్చాక

భారతీయ ఐటీ రంగ ఉద్యోగులలో మహిళలు సుమారు 36 శాతమని ఆ పరిశ్రమ సంఘం నాస్కామ్ చెబుతోంది. మిగిలిన పరిశ్రమలతో పోలిస్తే ఇది మెరుగైన సంఖ్యే, కానీ పై హోదాలకు వెళ్లేకొద్దీ పలచబడుతుంది. తిరుపతి, చిత్తూరు అమ్మాయికి మొదటి ఉద్యోగం చాలావరకు చెన్నైలోనో బెంగళూరులోనో హైదరాబాదులోనో వస్తుంది. చెన్నై, బెంగళూరు కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉండడం ఈ రెండు జిల్లాలకు ఉన్న సౌకర్యం. ఇంట్లో ఒప్పించడానికి అది ఎంతో పనికొస్తుంది. అయినా మూడో ఏడాదిలోనే సంబంధాలు చూడడం మొదలైన ఇళ్లలో, ఉద్యోగం ఏ ఊళ్లో అన్నది వరుడి ఉద్యోగాన్ని బట్టి తేలుతుంది.

కళాశాలలు ఇక్కడ ఒక పని చేయగలవు. ప్రతి వేసవిలో ఊరంతా కట్టే ఫ్లెక్సీల మీద అత్యధిక ప్యాకేజీ వచ్చినవారి ఫొటోలు ఉంటాయి. ఒక తండ్రి తన కూతురి గురించి నిర్ణయం తీసుకోవడానికి ఆ ఫొటో చాలదు. సీఎస్ఈలో చేరిన అమ్మాయిలు ఎంతమంది, తొలి ఏడాది ప్రోగ్రామింగ్‌లో బ్యాక్‌లాగ్ మిగిలినవారిలో అమ్మాయిలు, అబ్బాయిలు ఎంతెంతమంది, ఉద్యోగాలు వచ్చిన అమ్మాయిలలో సాఫ్ట్‌వేర్ రాసే పనికి ఎంతమంది, టెస్టింగ్, సపోర్టు, బీపీవో పనులకు ఎంతమంది వెళ్లారు, రెండేళ్ల తర్వాత ఎంతమంది ఇంకా పనిలో ఉన్నారు అన్నవి అంతకంటే ఉపయోగపడే లెక్కలు. మొదటి రెండూ పరీక్షల విభాగం దగ్గర ఇప్పటికే ఉంటాయి, మూడోది ప్లేస్‌మెంట్ సెల్ దగ్గర ఉంటుంది, నాలుగోదానికి పూర్వ విద్యార్థినులకు ఫోన్ చేస్తే సరిపోతుంది. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు కనుక కళాశాలలు వాటిని బయట పెట్టలేదు. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు కళాశాల చూడడానికి వెళ్లే తల్లిదండ్రులు ఫీజు, బస్సు, హాస్టల్ భోజనం గురించి అడిగేటప్పుడే వీటి గురించి కూడా అడగవచ్చు.